రంగుమందుకు ముందు అడిగిన ప్రశ్న

నా చిన్నప్పుడు, విశాఖ అంతా స్టీలు ప్లాంటు కబుర్లే చెప్పుకొనే రోజుల్లో, పురుడు పోసుకుని ఇంకా నెల తిరగని మా చిన్నమ్మకు ఎడమకాలు తొడదాకా వాచిపోయింది. బాలింతకు ఇవి మామూలేనని మా అమ్మమ్మ ఉప్పుకాపడం పెట్టింది. తగ్గలేదు. ఆసుపత్రిలో, కాలిలో రక్తం గడ్డకట్టిందేమో, పాదం దగ్గర రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే తెలుస్తుందన్నారు.

మందు ఎక్కించబోయే ముందు డాక్టరుగారు, ఆయాసం గానీ, ఏదైనా మందు పడకపోవడం గానీ ఉందా అని అడిగారు. చిన్నమ్మ నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది.

"మా పిల్లకి ఏటీ నేదు బాబూ, రాయిలాగుంటాది!"

పక్కనే చిన్నమ్మ అత్తగారు ఉంది మరి. చిన్నమ్మకు పసితనం నుంచీ ఉబ్బసం. పెళ్ళిచూపులప్పుడు దాచారు. ఒకసారి దాచాక ఇక దాస్తూనే ఉండాలి కదా. చిన్నమ్మ నేలచూపులు చూసింది. అన్నీ తెలిసిన నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

డాక్టరుగారు మా మొహాలు చూశారు. పసివాడికి ఇక్కడి గాలి పడదంటూ పెద్దవాళ్ళిద్దరినీ బిడ్డతో సహా బయటికి పంపేశారు. చిన్నమ్మ చెయ్యి పట్టుకున్న నన్ను మాత్రం ఉండనిచ్చారు. అప్పుడు అదే ప్రశ్న, మొదటిసారి అడుగుతున్నట్టే, మళ్ళీ అడిగారు. చిన్నమ్మ ఏడుస్తూ చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఈ మందుకు కొందరికి దద్దుర్లెక్కి ఊపిరాడదనీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ భయం ఎక్కువనీ, ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చనీ చెప్పి మాత్రలిచ్చారు. బయటికొచ్చి పెద్దవాళ్ళతో మాత్రం, మిషన్ మొరాయించింది, రేపు రండి అన్నారు.

మర్నాడు అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఎక్స్‌రే తీశారు. అయినా చిన్నమ్మకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి కాస్త ఆయాసం వచ్చింది. వెంటనే ఇంజెక్షనిచ్చాక సర్దుకుంది. కొందరికి ఈ మందు పడదంతే అన్నారు డాక్టరుగారు. అమ్మమ్మ ఇక ఆగలేకపోయింది.

"మందు తప్పు కాదొదినా. దానికి సిన్నప్పట్నుంచీ..."

"నాకు తెలుసొదినా," అంది చిన్నమ్మ అత్తగారు. "పెళ్ళయిన నెలకే తెలిసిపోనాది. రాత్రిళ్ళు గోడకి జేరబడి కూకునీది. నువ్వు సిన్నబోతావని నిన్న నాను నోరెత్తనేదు."

అమ్మమ్మ కొంగుతో మొహం కప్పేసుకుంది. ఇద్దరూ మర్యాదకే పోయారు. ఆ మర్యాదకు చిన్నమ్మ ప్రాణం పోయేదే.

ఇప్పుడు నేనూ అత్తగారినే. కోడల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మొదటి ప్రశ్న అడగబోయేసరికి, మంచినీళ్ళు తాగొస్తానమ్మా అని లేచి బయటికి వచ్చేస్తాను.