ఎదుటి పక్షంతో భోజనం

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టిన యశోద పెనుకొండ కోర్టులో వకీలుగా చేరి ఆరేళ్లయింది. పుట్టింట్లో మగ్గం చప్పుడు, దాన్ని మించిన మాటల చప్పుడు. పెనుకొండలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో మాత్రం ఏ చప్పుడూ లేదు. గుమ్మం పక్కన అడ్వకేట్ బోర్డు చూసి ఇరుగుపొరుగు గడప తొక్కేవాళ్లు కాదు. వచ్చినవాళ్ల ఇంట్లో ఏదో తగాదా ఉందని వీధంతా అనుకుంటుంది మరి. పక్కింటి ఈరక్క ఎప్పుడైనా వచ్చినా, "కేసేం లేదు, కరేపాకుకి వచ్చినా" అని వీధికి వినబడేలా చెప్పి మరీ లోపలికి వచ్చేది.

కోర్టులో రోజంతా మనుషులే. అందరూ వాయిదా ఎప్పుడని అడిగేవాళ్లే, తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. చేరిన కొత్తలో ఒకసారి ఎదుటి పక్షం వకీలు తిప్పన్నతో క్యాంటీన్లో టీ తాగింది. అది చూసిన ఆమె కక్షిదారు, ఇద్దరూ కుమ్మక్కయ్యారని మరునాడే ఫైలు వెనక్కి తీసుకున్నాడు. అప్పటి నుంచి యశోద బార్ రూములో కిటికీ పక్కన ఒక్కతే తినేది. పెద్దాయన తిప్పన్న ఇంకో మూల గోడవైపు తిరిగి తినేవాడు.

నిరుడు మార్చిలో రొద్దం దగ్గరి పల్లె నుంచి ఒక పొలం గట్టు కేసు వాదనకు వచ్చింది. ఉలిగమ్మ తరఫున యశోద, ఆమె మరిది కదిరప్ప తరఫున తిప్పన్న. పొద్దున గంటసేపు గొంతులు పోయేలా వాదించుకున్నారు. మధ్యాహ్నం సంతకం కోసం ఉలిగమ్మను వెతుక్కుంటూ బయటికి వచ్చిన యశోద ఉన్నచోటే నిలబడిపోయింది. బండ్ల షెడ్డు నీడలో వదినా మరుదులు ఒకే గిన్నెలోని రాగిసంగటి పంచుకుంటున్నారు. వెనకే తిప్పన్న కూడా వచ్చాడు.

"ఏమబ్బా కదిరప్పా, ఇదేంది?" అన్నాడు.

"ఇద్దరం ఒకే బండిలో వచ్చినాం సార్. వదిన సంగటి తెచ్చింది, నేను నంజుకోను ఊరిబిండి తెచ్చినా."

"తగాదా గట్టు కాడ ఉండాది. సంగటి కాడ యాడుండాది?" అంది ఉలిగమ్మ. "మీరిద్దరూ ఎప్పుడు చూసినా చెరో మూల తింటాంటారు. మీ మధ్య కూడా గట్టు తగాదా ఉండాదా?"

యశోదకు నవ్వాగలేదు. "మీరేమనుకుంటారో అనే కదమ్మా, మేము మాట్లాడుకోనిది!"

"మేమేమనుకుంటాం? క్యారియర్లు ఈడికే తెచ్చుకోండి."

తెచ్చుకున్నారు. తిప్పన్న మెస్సు సాంబారన్నం పక్కన పెట్టి సంగటి ముద్ద అందుకున్నాడు. "మా ఆమె పోయినాక సంగటి తినింది ఇదే మొదలు" అన్నాడు. ఆయన భార్య పోయి రెండేళ్లయిందని యశోదకు అప్పుడే తెలిసింది.

మరునాడు ఆమె తన కుర్చీని ఆయన బల్ల దగ్గరికి లాక్కుంది. హిందూపురం నుంచి రోజూ వచ్చిపోయే వకీలు వెంకటేష్ తనూ క్యారియర్ పట్టుకొచ్చాడు. ఇప్పుడు ఏడుగురయ్యారు. అనుమానంగా చూసే కక్షిదారులకు యశోద ఒకటే చెబుతుంది: "వాదన చూసి మాట్లాడప్పా, భోజనం చూసి కాదు." గట్టు కేసు తిప్పన్నే గెలిచాడు. యశోద అప్పీలు వేసింది.

మొన్నొకరోజు వెంకటేష్ జోకుకు బార్ రూమంతా పగలబడి నవ్వుతుంటే బంట్రోతు వచ్చాడు. నవ్వులు జడ్జిగారి గదిలోకి వినబడుతున్నాయన్నాడు.

"తగ్గించమన్నారా?" అని యశోద అడిగింది.

"లేదు మేడమ్. సారు ఒక్కరే తింటాండారు. ఆ జోకేందో కనుక్కోని రమ్మన్నారు."

వెంకటేష్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.