ఎడమవైపు వదులు

ఊరందరికీ బట్టలు కుట్టే దర్జీ మాస్టారికి ఇప్పుడు తన ఒంటికి గుడ్డ తగిలితే ప్రాణం పోయినంత పని. ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు ఎండినా మంట వదల్లేదు. అది జన్మంతా పట్టుకోకుండా డాక్టరు వెన్ను పక్కన సన్నటి తీగ దింపి, నడుముకి చిన్న కరెంటు పెట్టె కట్టి పంపాడు. మీట నొక్కితే ఎడమ డొక్కలో చీమలు పాకినట్టు జిలజిలమని మంట సద్దుమణుగుతుంది. కానీ తీగ జారుతుందని వంగకూడదు, మెలితిరగకూడదు. అందుకే రెక్క విరిగిన కోడిలా ఎడమచెయ్యి ఎడంగా పెట్టుకుని, చొక్కా బొత్తాలు విప్పేసి, మిషను ముందు కొయ్యబారి కూర్చుంటాడు. "కాసేపు నడుం వాల్చండి" అని భార్య అంటే, "వాలిస్తే దుప్పటి తగలదూ?" అని కసురుకుంటాడు.

నిన్న ఒక గుమాస్తా కొత్త చొక్కా తొడుక్కొచ్చి పేచీ పెట్టుకున్నాడు. "ఏంటి మాస్టారూ, ఎడమవైపు ఇంకో మనిషి దూరేలా ఉంది! కళ్ళు మూసుకుని కత్తిరించారా?"

మాస్టారు కొక్కేలకు వేలాడుతున్న చొక్కాల వంక చూశాడు. ఈ నెల కుట్టినవన్నీ ఎడమవైపు వదులే. మెల్లగా లేచి, గుమాస్తా ఎడమ డొక్క దగ్గర గుడ్డ మడిచి పట్టుకుని గుండుసూది తీశాడు. చెయ్యి ముందుకు రాలేదు.

"బిగిస్తాలే బాబూ, దానికేం," అని గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడైతే ఎక్కడా తగలట్లేదు కదా?"