గంగారాం గోడ మీది రైల్‌రోకో

కోరుట్లలో ఫొటో స్టూడియో నడిపే గంగారాం పెళ్లికొడుకు ముందైనా, పసిపిల్ల ముందైనా వేలెత్తి, "కదలకుండ్రి!" అని గద్దిస్తాడు. తెలంగాణ ఉద్యమంలో జగిత్యాల పట్టాల మీద కూర్చున్నవాళ్లనూ అలాగే గద్దించాడు. లాఠీలు లేవగానే అందరూ పరుగు లంకించుకున్నారు. కెమెరాకు కన్ను ఆనించిన గంగారాం ఒక్కడే మిగిలాడు. ఆనాటి ఫొటోకు పటం కట్టించి, రోడ్డు మీది బతుకమ్మల ఫొటోల నడుమ వేలాడదీశాడు. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన సుమలత దాన్ని ఎగాదిగా చూసింది.

"గిదేంది కాకా?"

"రైల్‌రోకో బిడ్డా."

"రైలేది?"

"రాలే."

"మరి జనం?"

"ఉరికిండ్రు."

"గీ తెల్లగున్నదేంది?"

గంగారాం నడుము తడుముకుంటూ, పైన ఆకాశం వైపు వేలెత్తి నవ్వాడు.

"మొగులు. లాఠీదెబ్బకు నేను ఎల్లెలుకల పడ్డ. ఆ దినం నా మాటిని కదలకుంట ఉన్నది గదొక్కటే."