మెట్ల పక్క నీడ

ఆమె టైలరు. కింది వాటాలో ఉంటుంది. మొక్కలంటే ప్రాణం కనుక బిల్డింగులో అందరూ ఆమెను మొక్కలత్త అంటారు. వెనుకటి ఇంట్లో డాబా నిండా పూలు పూయించింది. ఈ ఇంట్లో దొరికింది మాత్రం మెట్లకూ ప్రహరీగోడకూ మధ్య జానెడు నేల. ఎండ పొడ సోకదు. అక్కడ ఎవరేం నాటినా బతకలేదట.

"నా చేతిలో బతుకుతాయి చూడండి" అని అందరితో పందెం కట్టినట్టు చెప్పి, నీడను ఓర్చుకునే మొక్కలు తెచ్చింది. ఒకసారి వేళ్లూనుకుంటే ఏళ్ల తరబడి ఉండే ఫెర్నులు, పీస్ లిల్లీలు. పొద్దునా సాయంత్రం బిందెతో నీళ్లు పోసింది. నెల తిరక్కుండానే ఆకులు పసుపెక్కి వాలిపోయాయి.

సరిగ్గా ఆ పైనున్న బాల్కనీలో ఒక నర్సు బట్టలు ఉతుక్కునేది. మొక్కలత్త ఆమెను మెట్ల దగ్గర నిలదీసింది.

"నీ సబ్బునీళ్లే నా మొక్కల ఉసురు తీశాయి. ఆమాత్రం ఇంగితం లేదా?"

"నేను బాత్రూంలోనే పారబోస్తున్నానండీ ఆంటీ."

"మరి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నర్సు పైకి వెళ్లి తలుపేసుకుంది. మర్నాటినుంచి బాల్కనీలో ఒక్క తడిగుడ్డ కనబడలేదు.

మొక్కలత్త మళ్లీ నాటింది. అవీ వాలిపోయాయి. ఒకటి పీకి చూస్తే వేళ్లు నల్లబడి జావలా చేతికి అంటుకున్నాయి. మురుగు కంపు. ఎండ తగలని మన్ను ఆరదు. డాబా మీది అలవాటుకొద్దీ రెండుపూటలా పోసి, తానే కుళ్లబెట్టింది. బస్సు డ్రైవరైన భర్త తొంగిచూసి, "ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవరో" అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పైకి వెళ్లింది. గదిలో అడ్డంగా కట్టిన తాళ్ల మీద తడి యూనిఫారాలు. వాటి కింద వంగి లోపలికి నడవాల్సి వచ్చింది.

"తప్పు నాదేనమ్మా."

నర్సు బట్టలు మడతపెడుతూనే, "ఆ మాట మెట్ల దగ్గర చెప్పండి ఆంటీ. నన్ను అన్నది అక్కడే కదా" అంది.

చాలా రోజులు ధైర్యం చాలలేదు. నర్సు అడుగుల చప్పుడు వినిపిస్తే కుట్టుమిషను ఆపి లోపలి గదిలోకి తప్పుకునేది. చివరికి నీళ్ల మోటారు కాలిపోయి అందరూ మెట్ల దగ్గర చేరిన ఒక ఉదయం నోరు విప్పింది.

"ఆ పిల్ల తప్పేం లేదు. నీళ్లెక్కువ పోసి మొక్కల్ని చంపింది నేనే."

"ఇప్పుడా గొడవెందుకండీ? ముందు మోటారు సంగతి చూడండి" అన్నారెవరో.

దానికంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

నర్సు మళ్లీ బాల్కనీలో బట్టలారేస్తోంది. మొక్కలత్త ఆ మన్నులో ఇసుకా ఆకుల ఎరువూ కలిపి మళ్లీ నాటింది. వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోస్తుంది. ఫెర్నులు గోడ పొడవునా గుబురుగా విచ్చుకున్నాయి. "మీ చెయ్యి మంచిదండీ" అని ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుంటుంది. ఎదురైతే నర్సు మర్యాదగానే పలకరిస్తుంది. ఆగి మాట్లాడదు మాత్రం.