కళ్లేనికి తలంటు

గుర్రపు వెంట్రుకలతో అల్లిన పాతకాలపు కళ్లేన్ని చేత్తో పట్టుకుని, దాని జబ్బేమిటో వాసన చూసి చెప్పగల తెలుగువాడు టెక్సాస్ రాష్ట్రం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఫ్రిస్కోలో ఉంటాడు, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటాడు, ప్రస్తుతం ఇది రాస్తున్నాడు.

ఇంత మాట అన్నాక కాస్త తగ్గడం మర్యాద. టెక్సాస్ అంతా నేనేమీ గాలించలేదు. మా వీధి వరకు మాత్రం హామీ ఇవ్వగలను. మా వీధి మగవాళ్లకి బాగుచేయడం వచ్చినవి రెండే: రెజ్యూమె, లాన్. వీధికి గుర్రం పేరు పెట్టారు గానీ, చుట్టుపక్కల ఎక్కడా గుర్రం లేదు. ఒకప్పుడు ఇక్కడ పశువులు గడ్డి మేసేవట. ఇప్పుడు మావాళ్లు స్కూల్ రేటింగులు నెమరేస్తుంటారు.

నాకీ విద్య ఎలా అబ్బిందంటే, రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని మా ఆవిడకి ఫ్రిజ్ సర్దడం ఎలాగో నేర్పడం మొదలుపెట్టాను. ఆవిడ రెండు వారాలు ఓర్చుకుని, కమ్యూనిటీ సెంటర్‌లో పాత కౌబాయ్ సామాన్లు బాగుచేసే వీకెండ్ క్లాసుకి నన్ను సైన్ అప్ చేసేసింది. అక్కడ గుర్రపు జీన్లు కుట్టే పెద్దాయన ఒకాయన గుర్రం తోక వెంట్రుకలు కొన్ని కలిపి పేని, ఒక పుల్ల చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ ఎలా పోవాలో చూపించాడు. మధ్యలో రంగు వెంట్రుకలు కలిపితే డైమండ్ ఆకారాలు తేలతాయి. ఒక్క కళ్లేనికి నెలలు పడతాయట. అందుకే పూర్వం జైళ్లలో ఖైదీలు ఈ పని చేసేవారట. నిజమే, అంత తీరిక వాళ్లకీ నాకూ తప్ప ఎవరికుంటుంది? క్లాసు అయ్యేసరికి నేనొక కీచైన్ అల్లాను. అది టేబుల్ మీద కనపడగానే మా ఆవిడ చీపురు తెచ్చింది, ఎలుక తోక అనుకుని.

ఆ ఒక్క కీచైన్ అనుభవంతోనే ఎదురింటావిడ పని ఒప్పుకున్నాను.

ఎదురింటావిడ తెల్లావిడ, నాకన్నా పెద్దది, ఒంటరిగా ఉంటుంది. నన్ను 'హనీ' అని పిలుస్తుంది. అదేదో నా గొప్ప అనుకుంటుంటే, "ప్యాకేజీలు తెచ్చే అబ్బాయినీ అలాగే పిలుస్తుంది లెండి" అని మా ఆవిడ నా గాలి తీసేసింది. ఎదురింటావిడ ఒకరోజు దిండు గలీబులో చుట్టి ఒక కళ్లెం తెచ్చింది. తెల్లటి వెంట్రుకల మీద ఎర్రవి, ఆకుపచ్చవి డైమండ్లు. ఒకచోట పురుగు కొట్టేసింది. అక్కడక్కడా ముడులు వదులయ్యాయి.

"మా తాత చేశాడు, జైల్లో. గుర్రాలు దొంగిలించాడులే" అంది, మనవాళ్లు 'మా తాత తాసిల్దారు' అన్నంత తేలిగ్గా.

ఆవిడ ఇల్లు అమ్మేసి వృద్ధుల హోమ్‌కి వెళ్లిపోతోంది. అక్కడిచ్చే గదిలో మంచం పడితే కుర్చీ పట్టదు. పిల్లలు కళ్లెం మాకొద్దు, ఆన్‌లైన్‌లో అమ్మేయమన్నారట. పక్క ఊళ్లో చిన్న మ్యూజియం ఉంది. వాళ్లు వచ్చి చూస్తామన్నారు. నచ్చితే తాత పేరు రాసి గోడకి పెడతారు.

"నచ్చకపోతే గరాజ్ సేల్‌లో కాఫీ కప్పుల పక్కన పడుంటుంది హనీ. ఆయనది మిగిలింది ఇదొక్కటే. దుమ్ము దులిపి, ఊడేవి ఊడకుండా కడితే చాలు. నీకు వచ్చా?"

"వచ్చా అని అడుగుతావా! మాది గుర్రాల వంశం. మా తాత బతుకంతా జట్కాల మీదే గడిచింది."

అబద్ధం కాదు. మా తాత ప్లీడరు గుమస్తా. రోజూ జట్కా ఎక్కి కోర్టుకి వెళ్లేవాడు. గుర్రంతో ఆయన పరిచయమంతా వెనకనుంచే.

నూనెలూ నీళ్లూ తగలనివ్వద్దని, చేసిన పని రేపు ఇంకొకరు విప్పేయడానికి వీలుగా ఉండాలని క్లాసులో పెద్దాయన చెప్పాడు. చెప్పినప్పుడు నేను డోనట్ల పెట్టె దగ్గరున్నాను. ఇంటికొచ్చి కళ్లెం పట్టుకుంటే చేతిలో ఎండుగడ్డిలా గరగరలాడింది. మన ఇళ్లలో ఎండిన వెంట్రుక కనిపిస్తే చెయ్యి ఎటు పోతుంది? కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, మాడుకి పట్టించినట్టు ముడిముడికీ పట్టించాను. ఓ పూట నాననిచ్చాను. నూనె పెట్టాక ఊరుకుంటామా? ఇండియన్ స్టోర్‌లో కొన్న కుంకుడుకాయ పొడి వేడినీళ్లలో కలిపి, కిచెన్ సింక్‌లో శాస్త్రోక్తంగా తలంటాను.

ఎర్ర వెంట్రుకల రంగు దిగడం మొదలైంది. చూస్తూ చూస్తుండగానే గుర్రం చెంప మీదికొచ్చే పట్టీ ఒకటి మొత్తం రోజ్ మిల్క్ రంగుకి తిరిగింది.

"ఏమండీ, సింక్‌లో ఏం చేస్తున్నారు?"

"ట్రీట్‌మెంట్."

మా ఆవిడ వచ్చి తొంగిచూసింది. "సాంబ్రాణి కూడా వేస్తారా? నిప్పులు తేనా?"

"ఆరితే సర్దుకుంటుంది."

"ఆరితే తెల్లబడుతుందా? వెళ్లి ఆవిడకి చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

అప్పుడే చెప్పలేదు. టిష్యూలతో అద్ది, ఫ్యాన్ కింద పెట్టి, పురుగు కొట్టిన చోట కొత్త వెంట్రుకలతో ముడులు వేశాను. ఆ ముడులు అద్భుతంగా కుదిరాయని రాయాలనుంది. ఉన్నాయి, అంతవరకూ రాస్తాను.

మర్నాడు తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. "లోపల దాక్కున్న ఒరిజినల్ కలర్ బయటికొచ్చింది" అన్నాను.

ఆవిడ వాసన చూసింది. "కొబ్బరి మిఠాయి వాసనొస్తోంది హనీ."

తర్వాత గులాబీ రంగు పట్టీ మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది, రుద్దితే పోతుందేమోనన్నట్టు. నేను, కుక్కర్ కూత వేస్తోందని చెప్పి లేచొచ్చేశాను. మా కుక్కర్ ఆ ఇంట్లోకి వినపడదని ఆవిడకీ తెలుసు.

మ్యూజియం పిల్ల వచ్చిన రోజు నన్ను పిలవలేదు. బ్లైండ్స్ సందులోంచి చూశాను. లోపలికి ఖాళీ చేతులతో వెళ్లింది. చాలాసేపటికి అట్టపెట్టె పట్టుకుని బయటికొచ్చి, దాన్ని కారు వెనక సీట్లో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టింది. నా ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత నోరు కూడా లేచింది.

ఎదురింటావిడ వెళ్లిపోయే ముందు మా ఇంట్లో, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ పెట్టాం. వీధిలో తెలుగువాళ్లంతా వచ్చారు. బగారా అన్నం ప్లేట్లు పట్టుకుని నా చుట్టూ నిలబడితే, నేను ఎదురింటావిడకీ అర్థమవ్వాలని ఇంగ్లిష్‌లో అందుకున్నాను. మ్యూజియంవాళ్లు నివ్వెరపోయారనీ, మన ప్రాచీన కేశ సంరక్షణ పద్ధతి వాళ్లకి కొత్తనీ, కళ్లెం ఇప్పుడు హాల్లో ఎదురుగోడ మీద ఉందనీ చెప్పాను.

"వావ్ అంకుల్! మీరు వర్క్‌షాప్ పెట్టాలి" అన్నాడొక కుర్ర ఇంజనీరు.

"ఏమండీ, పెరుగు అందరికీ అందిందేమో చూడండి" అంది మా ఆవిడ. ఆపడానికి ఆవిడ చేసిన చివరి ప్రయత్నం అది. నేను వర్క్‌షాప్‌కి పేరు ఆలోచిస్తున్నాను.

ఎదురింటావిడ చేతిలో గారె పక్కన పెట్టి, వేళ్లు తుడుచుకుంది.

"నిన్న వెళ్లి చూసొచ్చాను హనీ. తీసుకున్నది మా తాత పని చూసి. నువ్వు వేసిన ముడులన్నీ విప్పేశారు. నువ్వు గులాబీ రంగు చేసిన వైపు గోడకి తిప్పి పెట్టారు."