రెండు సీట్లు, రాజేశ్వరి మేడం

మొన్న రైలు పలాసలో ఆగగానే జీడిపిక్కలు కాల్చే ఘాటు పొగ కిటికీలోంచి లోపలికొచ్చింది. ఎదుటి సీటాయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం గట్టిగా పీల్చుకున్నాను. రాజేశ్వరి మేడం చీరకు ఎప్పుడూ ఆ వాసనే. జీడి ఫ్యాక్టరీ పక్కింట్లో ఉంటూ, రోజూ బస్సులో టెక్కలి ఉద్యానశాఖ ఆఫీసుకు వచ్చేవారు. డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఆవిడ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను.

తుఫాను వెళ్లిన వారం, పడిపోయిన కొబ్బరిచెట్ల వివరాలు రాయడానికి ఇద్దరం ఉద్దానంలో ఒక తోటకు వెళ్లాం. కౌలురైతు నరసమ్మ నేలకొరిగిన చెట్టు మీద కూర్చుని ఉంది. పట్టా ఎవరిదో అడిగి, తోట ఆసామి పేరు రాసుకుని లేచాను.

"నా పేరు రాయవేటమ్మా? పదేల్లనించి నీల్లోసింది నేను కదా," అంది నరసమ్మ.

ఫారంలో ఆసామికే గడి ఉందన్నాను. మేడం నా చేతిలోని కాగితం తీసుకుని, అంచున నరసమ్మ పేరు రాసి సంతకం పెట్టారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. పరిహారం ఆసామికే వెళ్లింది. ఆ మాట చెప్పడానికి మేడం తనే నరసమ్మ ఇంటికి వెళ్లారు. వెంట వెళ్లినా, నరసమ్మ ముఖం చూడలేక నేను వీధిలోనే నిలబడిపోయాను.

తర్వాతి వేసవిలో పబ్లిక్ పాలసీ పీజీకి నాకు రెండుచోట్ల సీటొచ్చింది. ఢిల్లీ కోర్సు నిండా గణితం, గణాంకాలు. రెండోదాంట్లో ఏడాదిపాటు పల్లెల్లో ఉండి పనిచేయాలి. నరసమ్మను చూసిన మనసు రెండోదానివైపే లాగింది. మేడం మెచ్చుకుంటారనే ఆశతో వెళ్లి చెప్పాను.

"పల్లె నీకు కొత్తేటి? పుట్టిందే అక్కడ," అన్నారు. "లెక్కలంటే బయమని సెప్పు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ గొంతు తగ్గించారు.

"ఆ ఫారం గీసినోల్లతో వాదించడం నాకు రాదే. అందుకే అంచున రాసినాను. నువ్వు నేర్సుకో."

ఢిల్లీ వెళ్లాను. మొదటి సెమిస్టర్‌లో గణాంకశాస్త్రం తప్పి, ఏడుస్తూ ఫోన్ చేస్తే మేడం పకపకా నవ్వారు. "నా డిపార్ట్‌మెంటు పరీక్ష మూడుసార్లు రాసినాను. మల్లీ రాయి."

రాశాను, గట్టెక్కాను. ఇప్పుడు అలాంటి ఫారాలు తయారుచేసేవాళ్ల మధ్యే నా ఉద్యోగం. మీటింగులో గొంతు వణక్కుండా వాదించగలను. కొన్నిసార్లు గెలుస్తాను.

ఏ కోర్సులో చేరాలని అడిగే పిల్లలను, ముందు వాళ్లకు ఏది రాదో చెప్పమంటాను. కొందరికి కోపం వస్తుంది. మేడం మాటకు ఆరోజు నాకూ వచ్చింది.