జారిన ముళ్లు

"ముడి జారిందంటే తప్పు దారానిది కాదు, వేలిది. అలాగనే తిట్టేవాణ్ణి మా అన్నని," అన్నాడు ఏడుకొండలు. మాట ముద్దముద్దగా వస్తోంది. వరసకి మేనల్లుడైన శ్రీహరి తొందరపెట్టలేదు.

గిలకలదిండి చేపల రేవులో ముప్పై ఏళ్లు వలలు బాగుచేసిన మనిషి ఏడుకొండలు. చిరిగిన చోట ఊరికే ముడేసేవాడు కాదు. ముందు కత్తి తీసి చిరుగుని ఇంకాస్త కోసి, గట్టి దారం తగిలాకే సూది పట్టేవాడు. "నలిగిన దారం మీద ముడేస్తే చేపలు నవ్వుతాయి," అనేవాడు. ఆ చేతులిప్పుడు ఎవరో మరిచిపోయి వెళ్లినట్టు ఒళ్లో పడున్నాయి. కిందటేడు, 2008లో, విజయవాడ డాక్టరు మోటార్ న్యూరాన్ జబ్బన్నాడు. కండల్ని నడిపే నరాలు చచ్చి కండ కరిగిపోతుందన్నాడు, నయం కాదన్నాడు.

"మోటారన్నాడని నిన్ను పిలిపించా అల్లుడూ," అన్నాడప్పుడు. శ్రీహరి ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు చూస్తాడు. పదోతరగతితో చదువాగిపోయినా, బందరు లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాదిగా ఈ జబ్బు గురించే చదువుతున్నాడు.

"ఇవాళేం చదివావు?"

"ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి పోగుంటుంది మావయ్యా, డీఎన్ఏ అంటారు. అది రోజూ తెగుతూనే ఉంటుంది. బాగుచేసేవీ లోపలే ఉంటాయి. చర్మమైతే పాతది పోయి కొత్తదొస్తుంది. నరాల కణానికి ఆ వీల్లేదు, పుట్టినప్పటి వలతోనే చచ్చేదాకా. ఈ జబ్బులో ఆ బాగుచేసే పని కుంటుపడుతోందేమోనని అనుమానం. ఇంకా తేలలేదు."

"అయితే నా లోపలున్నవాడు కొయ్యకుండానే ముడేస్తున్నాడన్నమాట. ఎవడు పెట్టాడో వాణ్ణి పనిలో." నవ్వబోతే దగ్గొచ్చింది. శ్రీహరి మూతి తుడిచాడు.

"ఇది ఇంట్లోవాళ్లకీ వస్తుందా?"

ఆ మాట ఎప్పుడడుగుతాడోనని శ్రీహరి భయపడుతూనే ఉన్నాడు. "చాలామందికి రాదు. కొన్ని ఇళ్లల్లో మాత్రం..."

"మా అన్న శోభనాద్రి ముళ్లు జారేవి. తాగి చేస్తున్నాడని రేవులో అందరి ముందూ తిట్టా. ఆ ఏడే తాడు పట్టు తప్పి పడవ మీంచి పడ్డాడు. పైకి తీసేసరికే పోయాడు. తాగి పడ్డాడన్నారు, నేనూ అన్నా. స్నానం చేయించేటప్పుడు చూశా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లేదు. గుంట. ఇదిగో, ఇలాగే." చెయ్యెత్తలేక కళ్లతోనే చూపించాడు.

శ్రీహరి ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. అంతకుమించి ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఏడుకొండలు కూతురు రత్నం పదేళ్లుగా తండ్రి పక్కన కూర్చుని, ఇప్పుడాయన చోట్లోనే కూర్చుని, వలలు బాగుచేస్తోంది.

"పడవ సాంబశివరావు నిన్న పలకరించిపోయాడు. మీ అమ్మాయి ముళ్లు ఈమధ్య వదులవుతున్నాయన్నాడు."

"పని ఎక్కువై ఉంటుంది మావయ్యా."

"నేనూ అదే అనుకోవాలని చూస్తున్నా." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నేనడిగితే దానికి తెలిసిపోద్ది. నువ్వెళ్లు. టీకొచ్చినట్టు పక్కన కూర్చుని, అది సూది పట్టుకున్నప్పుడు చెయ్యి చూడు. కండ నిండుగా ఉంటే వచ్చి చెప్పు. లేకపోతే ఇటు రావొద్దు అల్లుడూ, అటునుంచటే ఫ్యాక్టరీకి వెళ్లిపో."